చివరి తూము కింది పిల్లలు

నిజాంసాగర్ కాలువ బాగా పారుతోందా లేదా అన్నది బాన్సువాడ దగ్గర నిలబడి చూస్తే తెలియదు. పైన ఉన్న భూములకు ఏదో రకంగా నీళ్లు అందుతాయి. వదిలిన నీళ్లు చాలాయా లేదా అన్న సంగతి కింద, చివరి తూముల దగ్గర తేలుతుంది. మంజీర మీద 1923లో పని మొదలై 1931లో పూర్తయిన ఈ ప్రాజెక్టుకు ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నది అప్పటి సంకల్పం. కాలం గడిచేకొద్దీ పూడిక చేరి, 29 టీఎంసీలకు పైబడి ఉన్న నిల్వ సామర్థ్యం 18 టీఎంసీల లోపుకు పడిపోయింది. నీళ్లు తగ్గినప్పుడల్లా ముందు ఎండింది చివరి ఆయకట్టే. ప్రభుత్వాలు ఆ భూములను లెక్కలోంచి కొట్టేయలేదు. అలీసాగర్, గుత్ప ఎత్తిపోతలు కట్టి, మోటార్లతో నీళ్లు తోడి ఆ పొలాలకు చేర్చాయి. అందుకయ్యే కరెంటు ఖర్చును దానధర్మం కింద ఎవరూ రాసుకోలేదు. కాలువ వాలు మోసుకుపోలేని చోటికి నీటిని ఎత్తిపోయడం కూడా సాగునీటి శాఖ పనేనని ఈ ప్రాంతమంతా ఒప్పుకుంది.

చదువు విషయానికి వచ్చేసరికి ఈ కొలత మనకు గుర్తుండదు. బడి ఎలా నడుస్తోందంటే పదో తరగతిలో ఎంతమందికి మంచి మార్కులు వచ్చాయో చెబుతాం, గురుకులంలో ఎంతమందికి సీట్లొచ్చాయో చెబుతాం. అవి పైభూముల పంటలు. చూపు సరిగా లేని పిల్లవాడికి, వినపడని అమ్మాయికి, అక్షరాలు తారుమారుగా కనిపించే పిల్లకు, బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పిల్లవాడికి ఆ ఊరి బడిలో ఎంత చదువు అందింది? ఈ ప్రశ్నను విద్యాశాఖ కాగితాల్లో ‘సహిత విద్య’ అంటారు, పత్రికల్లో సమ్మిళిత విద్య అంటాం. ఐక్యరాజ్యసమితి 2015లో ఖరారు చేసిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో నాలుగోది చదువుకు సంబంధించింది. వైకల్యం ఉన్న పిల్లలకు కూడా అన్ని స్థాయుల్లో సమానంగా చదువు అందాలని అందులో విడిగా రాశారు. గడువు 2030. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ పిల్లలను మనం హాజరు పట్టికలో చేర్చుకున్నాం గానీ పాఠంలోకి చేర్చుకోలేదు. ప్రత్యేక ఉపాధ్యాయుడు మండల కేంద్రం నుంచి ఎప్పుడో వచ్చిపోయే మనిషిగా ఉన్నంతకాలం చేర్చుకోలేం కూడా. ఆ ఉపాధ్యాయుడిని ఊరి బడికి సొంత మనిషిని చేయడం సంక్షేమ శాఖ దయగా చూడాల్సిన పని కాదు, అభివృద్ధి పద్దులోనే ముందు వరుసలో ఉండాల్సిన పని.

ముందు లెక్కలు చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మందికి ఏదో ఒక వైకల్యం ఉంది. వారిలో చదవడం, రాయడం వచ్చినవారు దాదాపు 55 శాతమే. ఐదేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల లోపు వయసు వారిని తీసుకుంటే బడికో కాలేజీకో వెళ్తున్నవారు 61 శాతం. కొన్నాళ్లు వెళ్లి మానేసినవారు 12 శాతం. మిగిలిన 27 శాతం బడి గడపే తొక్కలేదు. ఒకటికి మించి వైకల్యాలున్న పిల్లల్లో సగానికి పైగా ఇలా ఎన్నడూ బడికి పోనివారే. ఏడేళ్ల తర్వాత, 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడతలో వైకల్యం ఉన్న పదిహేనేళ్లు పైబడినవారిలో పదో తరగతి, అంతకు మించి చదివినవారు 19.3 శాతమని తేలింది. పని చేస్తూనో, పని వెతుక్కుంటూనో ఉన్నవారు 23.8 శాతం. చివరి రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉన్నత విద్యలో ఐదు శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం కేటాయించింది. పది దాటినవారే ఐదుగురిలో ఒకరు లేనప్పుడు ఆ సీట్ల దాకా, ఆ ఉద్యోగాల దాకా నడిచి వచ్చేవారెవరు? రిజర్వేషన్ అన్నది కాలువ చివర కట్టిన తొట్టి లాంటిది. మధ్యలో గండ్లు పడితే తొట్టి ఎంత పెద్దగా కట్టినా ఉపయోగం లేదు.

అభివృద్ధి ‘సుస్థిరం’ అంటే చెట్లు నాటడం, ప్లాస్టిక్ తగ్గించడం అన్నంతవరకే మనకు స్ఫురిస్తుంది. 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ ఈ మాటకు ఇచ్చిన అర్థం అంతకన్నా విశాలం. ఇవాళ్టి అవసరాలు తీర్చుకునే తీరు రేపటి తరం తన అవసరాలు తీర్చుకునే శక్తిని హరించకూడదు. ఈ అర్థం ఎంత నిజమో నిజాంసాగర్ ప్రాంతానికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. జలాశయం పూడింది. ఆసియాలోనే పెద్దదిగా ఒకప్పుడు పేరుపొందిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. కట్టడాలు ఇచ్చిన బతుకుతెరువు కట్టడాలతోనే ఆగిపోతుంది. ఆ మార్పును తట్టుకుని ఇంకో పని నేర్చుకోగలిగింది చదువు అందినవారే. ఊళ్లో వైకల్యం ఉన్న ఒక పిల్లవాడు ఇంటికే పరిమితమైతే పోయేది అతని ఒక్కడి సంపాదన కాదు. వాడిని చూసుకోవడానికి తల్లి నాట్లకు, కలుపుకు వెళ్లలేదు, ఇంటి దగ్గర బీడీలు చుట్టుకుని సరిపెట్టుకుంటుంది. లేదా అక్క బడి మానేస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2009లో పది అల్ప, మధ్య ఆదాయ దేశాలపై వెలువరించిన అధ్యయనం, వైకల్యం ఉన్నవారిని పనికి దూరంగా ఉంచడం వల్ల ఆ దేశాలు తమ స్థూల దేశీయోత్పత్తిలో మూడు నుంచి ఏడు శాతం దాకా కోల్పోతున్నాయని అంచనా కట్టింది. ఏటా ఇంత కారిపోతున్న ఖజానాకు చదువు మీద ఖర్చు బరువని చెప్పడం కుదరదు.

ఇప్పుడున్న ఏర్పాటు ఏమిటి? తెలుగు రాష్ట్రాల్లో మండల కేంద్రాల్లో భవిత కేంద్రాలున్నాయి. సమగ్ర శిక్ష పథకం కింద పనిచేసే రిసోర్స్ పర్సన్లు, ఉపాధ్యాయుల మాటలో ఐఈఆర్పీలు, అక్కడ పిల్లలకు అక్షరాలు, మాట, రోజువారీ పనులు నేర్పుతారు. ఫిజియోథెరపీ శిబిరాలు నడుస్తాయి. బడికి రాలేని స్థితిలో ఉన్న పిల్లల ఇళ్లకు వెళ్లి నేర్పడం కూడా వీరి పనే. ఇది మంచి ఏర్పాటు, దీన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. తీవ్ర వైకల్యం ఉన్న వేలమంది పిల్లలకు ప్రభుత్వం అన్నది ఒక మనిషి రూపంలో కనబడింది ఇక్కడే. కానీ ఈ ఏర్పాటు ఆకారంలోనే ఒక లోపం ఉంది. పిల్లవాడి పేరు ఊరి బడిలో ఉంటుంది, నేర్పే మనిషి మండల కేంద్రంలో ఉంటారు. తండా నుంచి మండల కేంద్రానికి రావాలంటే వెంట ఒక పెద్ద మనిషి రావాలి, ఆ రోజు కూలి వదులుకోవాలి. రవాణా భత్యం, తోడు వచ్చేవారికి ఎస్కార్ట్ భత్యం ఉన్నాయి గానీ అవి ఒక రోజు కూలికి సాటి రావు. నాట్ల సమయంలో, కోతల సమయంలో ఆ ప్రయాణం ఆగిపోతుంది. ఊరి బడిలో టీచరేమో ‘ఆ పిల్లవాడిని భవిత వాళ్లు చూసుకుంటారు’ అనుకుంటారు. భవితలో పనిచేసే మనిషికేమో మండలంలోని అన్ని ఊళ్లూ తిరగాలి. ఇద్దరి మధ్యా పిల్లవాడు ఎవరికీ పూర్తిగా చెందకుండా మిగులుతాడు. ఈ కీలకమైన పని చేసేవారి ఉద్యోగం కూడా కాంట్రాక్టే. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులు క్రమబద్ధీకరణ కోసం సమ్మెకు దిగారు. రేపు తన ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషి మీద, ఏళ్ల తరబడి ఓపికతో సాగాల్సిన పనిని మోపాం.

డబ్బు ఎటు పోతోందో చూస్తే మన మనసు తెలుస్తుంది. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023 నుంచి నెలకు 4,016 రూపాయలు. సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం ప్రత్యేక అవసరాలున్న ఒక్కో పిల్లవాడికి సహాయం కింద ఏడాదికి ఇవ్వగలిగేది 3,500 రూపాయలు. ప్రత్యేక ఉపాధ్యాయుల జీతాలు దీనికి వేరు, అది ఒప్పుకోవాలి. అయినా పరికరాలకు, రవాణాకు, తోడుకు, ఆడపిల్లకు నెలకు ఇచ్చే 200 రూపాయల స్టైపెండుకు కలిపి ఏడాది మొత్తానికి కేటాయించింది ఒక నెల పింఛను కన్నా తక్కువ. పింఛను తగ్గించమని ఎవరైనా ఈ లెక్క చూపితే అది అన్యాయం. ఆ పింఛనుతోనే వేల ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది, మందులు వస్తున్నాయి. నా అభ్యంతరం పింఛను మీద కాదు. వైకల్య నిర్ధారణ క్యాంపులో 40 శాతం అని రాసిన కాగితం చేతికి రాగానే ప్రభుత్వం, కుటుంబం కూడా ఆ పిల్లవాడి విషయంలో చేయాల్సింది అయిపోయిందనుకోవడం మీద. వైకల్యం ఎంత శాతమో కొలవడానికి యంత్రాంగం ఉంది. ఆ పిల్లవాడు గత ఏడాదితో పోలిస్తే ఎంత నేర్చాడో కొలవడానికి అంతటి యంత్రాంగం లేదు.

మార్గం తెలియక ఆగిపోయిన పని కాదు ఇది. రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ప్రాథమిక స్థాయిలో ప్రతి పదిమంది ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఒకరు, ఆ పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని చెప్పింది. 2025 మార్చిలో మళ్లీ ఆదేశించి, పోస్టులు గుర్తించి ప్రకటించాలని రాష్ట్రాలకు గడువు పెట్టింది. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు ప్రకటిస్తే, అందులో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు, 796 సెకండరీ గ్రేడ్ టీచర్ (ఎస్జీటీ) పోస్టులు ఉన్నాయి. ఇది చిన్న అడుగు కాదు. ఈ పనికి శాశ్వత పోస్టు అవసరమని ప్రభుత్వం ఒప్పుకున్నట్లే. అయితే రాష్ట్రంలో ఆరు వందలకు పైగా మండలాలు, 26 వేలకు పైగా ప్రభుత్వ బడులు ఉన్నాయి. 1,016 మందిని పంచితే మండలానికి ఇద్దరు కూడా రారు. అందుకే ఈ కొత్త ఉపాధ్యాయులు మళ్లీ మండల కేంద్రంలో ఇంకో కుర్చీలో కూర్చోకుండా, నాలుగైదు బడులున్న కాంప్లెక్సును తమదిగా చేసుకుని, రోజుకో బడిలో తరగతి టీచరుతో కలిసి పాఠం చెప్పే పద్ధతి రావాలి. తగినంత మంది దొరికే దాకా ఒక సముదాయంలోని బడులకు తిరుగుతూ బోధించే టీచర్లను వాడుకోవచ్చని కోర్టు కూడా చెప్పింది.

బాన్సువాడ చుట్టుపక్కల ఈ ప్రశ్నకు ఇంకో మెలిక ఉంది. పట్టణంలో ఉర్దూ ఇంటి భాషగా ఉన్న కుటుంబాలున్నాయి. తండాల్లో పిల్లలు గోర్ బోలీ మాట్లాడతారు. పడమరగా జుక్కల్, మద్నూరు వైపు పోతే మరాఠీ, కన్నడ వినబడతాయి. ఒకటో తరగతిలో టీచరు తెలుగులోనో ఇంగ్లిషులోనో అడిగిన ప్రశ్నకు తండా పిల్ల బదులు చెప్పకపోతే దానికి కారణం భాష కావచ్చు, చెవి కావచ్చు, నేర్చుకోవడంలో ఇబ్బంది కావచ్చు. మూడింటికీ చికిత్స వేరు. తేడా కనిపెట్టలేని బడిలో రెండు తప్పులు జరుగుతాయి. తెలివైన పిల్ల భాష రాకపోవడం వల్ల మొద్దు అనిపించుకుంటుంది. నిజంగా వినపడని పిల్ల ‘వాళ్ల భాష వేరులే’ అన్న ఒక్క మాటతో మూడేళ్లు వెనకబడిపోతుంది. 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం హైదరాబాద్‌తో సహా దేశంలోని ఐదు ప్రాంతాల్లో రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలను పరీక్షించి, దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి నాడీ ఎదుగుదలకు సంబంధించిన ఏదో ఒక ఇబ్బంది ఉందని చెప్పింది. వినికిడి, చూపు, మూర్ఛ, ఆటిజం, చదవడంలో ఇబ్బంది, అన్నీ ఇందులో వస్తాయి. జనాభా లెక్కల్లో కనబడే 2.21 శాతానికీ దీనికీ మధ్య ఉన్న దూరమంతా మన తరగతి గదుల్లో వెనక బెంచీల మీద, పేరు పెట్టని ఇబ్బందులతో కూర్చుని ఉంది. వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలు 21. నేర్చుకోవడంలోని ప్రత్యేక ఇబ్బందులను వీలైనంత తొందరగా గుర్తించడం బడి బాధ్యత అని ఆ చట్టమే చెప్పింది. పిల్లల ఇంటి భాష కొంతైనా తెలిసిన మనిషి పక్కన లేకుండా ఆ గుర్తింపు సరిగా జరగదు. అంగన్‌వాడీ కార్యకర్తను, తండాలో ఇంటర్ చదివిన యువతిని ఈ గుర్తింపు పనిలో తోడు పెట్టుకోవడానికి కొత్త జీవో కూడా అక్కర్లేదనుకుంటాను.

దీనికి ఉపాధ్యాయుల నుంచి వచ్చే అభ్యంతరం బలమైనది. ఒకే గదిలో రెండు మూడు తరగతులు, ఇద్దరు టీచర్లు, ఎడతెగని ఆన్‌లైన్ వివరాలు, మధ్యాహ్న భోజనం లెక్క, వీటి మధ్య ఒక్క పిల్లవాడికి ప్రత్యేకంగా ఎలా చెప్పగలమని వారు అడుగుతున్నారు. ఈ మాటలో అబద్ధం లేదు. సహాయం ఇవ్వకుండా బాధ్యత మాత్రం అప్పగిస్తే అది సహిత విద్య కాదు, టీచరును, పిల్లవాడిని కలిపి ఒంటరిగా వదిలేయడం. కానీ ఈ అభ్యంతరం నుంచి పుట్టాల్సిన ముగింపు ‘ఈ పిల్లలు మా బడికి వద్దు’ అని కాదు, ‘మాకు ఇంకో మనిషిని ఇవ్వండి’ అని. పైగా ఈ పిల్లల కోసం చేసే మార్పుల్లో చాలావాటికి విడిగా సమయం పట్టదు. చెప్పే మాటను నల్లబల్ల మీద రాయడం, పెద్ద అక్షరాలు, పాఠాన్ని చిన్న మెట్లుగా విడగొట్టడం, కూడికకు చింతగింజలు, ఇద్దరిద్దరిని జతగా కూర్చోబెట్టడం వంటివి తరగతిలో సగం మందికి పనికొస్తాయి. ఐదో తరగతికి వచ్చినా రెండో తరగతి వాచకం తడబడుతూ చదివే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, వారికి ఏ సర్టిఫికెటూ లేదు.

తల్లిదండ్రుల వైపు నుంచి ఇంకో సందేహం వస్తుంది. అలాంటి పిల్లలుంటే మా పిల్లల చదువు వెనకబడదా అని. ప్రైవేటు బడులు ఈ భయాన్ని చూపే చాలాసార్లు అడ్మిషన్ తప్పించుకుంటాయి. హార్వర్డ్ ప్రొఫెసర్ థామస్ హెయిర్ బృందం 25 దేశాల్లో జరిగిన 280కి పైగా అధ్యయనాలను 2016లో క్రోడీకరించింది. వైకల్యం ఉన్న పిల్లలతో కలిసి చదివినందువల్ల మిగతా పిల్లల చదువు దెబ్బతిన్నట్లు అందులో తేలలేదు. చాలాచోట్ల ప్రభావం లేదు, కొన్నిచోట్ల మేలే జరిగింది. ఆ అధ్యయనాలు ఎక్కువగా వసతులున్న దేశాలవి కదా అనవచ్చు. నిజమే. అందుకే వసతి అడుగుతున్నాం. దేశంలో చేతికమ్మీలతో ర్యాంపులున్న బడులు 2023-24లో సగానికి కాస్త పైన మాత్రమే. బడిలోకి అడ్డంకి లేని దారి ఉండాలని విద్యాహక్కు చట్టం 2009లోనే రాసుకుంది. ర్యాంపు కట్టిన చోట కూడా మరుగుదొడ్డి తలుపు వీల్‌చైర్ పట్టనంత ఇరుకుగా ఉంటే, ఎనిమిదో తరగతి ఆడపిల్ల బడి మానడానికి అదొక్కటే చాలు.

ప్రత్యేక పాఠశాలలే మేలు కదా అన్నది మూడో వాదన. దీన్ని నేను పూర్తిగా తోసిపుచ్చను. సంజ్ఞా భాష తొలినాళ్లలో బాగా పట్టుబడాలంటే వినపడని పిల్లలకు అదే భాష మాట్లాడే తోటివారు కావాలి. ఊరి బడిలో ఒంటరిగా కూర్చున్న పిల్లకు అది దొరకదు. బ్రెయిలీకి కూడా కొంతకాలం గట్టి శిక్షణ అవసరం. బుద్ధి వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి మన సికింద్రాబాద్‌లోనే ఉంది. అలాంటి చోట్ల ఉన్న నైపుణ్యం ఏ జిల్లా ఒంటరిగా సమకూర్చుకోలేనిది. అందుకే వికలాంగుల హక్కుల చట్టం కూడా ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు దగ్గరి బడి కావాలో, ప్రత్యేక బడి కావాలో ఎంచుకునే హక్కు ఇచ్చింది. అయితే ఎంపిక అనాలంటే రెండు దారులూ తెరిచి ఉండాలి. ఊరి బడిలో నేర్పే మనిషి లేక, వంద కిలోమీటర్ల పైన ఉన్న హాస్టల్లో ఏడేళ్ల పిల్లను వదిలిరావడాన్ని ఎంపిక అనలేం. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గర చదువుకునే వీలు కల్పించింది. అది తప్పనిసరి అయిన పిల్లలకు దారి కావాలి గానీ, బడి తన చేత కాని ప్రతి పిల్లనూ ఇంటికి పంపే మార్గం కాకూడదు.

ఇంత తక్కువమంది కోసం ఇంత ఖర్చా అన్న మాట చివరికి మిగులుతుంది. ఎత్తిపోతల దగ్గర ఈ ప్రశ్న ఎందుకు రాలేదో ఆలోచించాలి. చివరి ఆయకట్టుకు నీళ్లు రాకపోతే రైతులు రోడ్డెక్కుతారు, ఇంజినీర్ల ఆఫీసు ముందు కూర్చుంటారు, మర్నాడు పేపర్లో వస్తుంది. చదువు అందని పిల్లవాడి తరఫున అడగాల్సిన తల్లి వాడిని వదిలి గడప దాటలేదు. ఆమె గొంతు బడిలోకి రావడానికి చట్టం ఒక దారి చూపింది. 2012 సవరణతో వైకల్యం ఉన్న పిల్లలు విద్యాహక్కు చట్టంలోని ‘ప్రతికూల పరిస్థితుల్లో ఉన్న వర్గం’లో చేరారు. బడి యాజమాన్య కమిటీలో ఆ వర్గం తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగ్గ చోటు ఉండాలి. తెలంగాణలో 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు మహిళా సంఘాల చేతిలో ఉన్నాయి. బాన్సువాడ, బీర్కూరు, నస్రుల్లాబాద్, పిట్లం మండలాల్లో ప్రతి కమిటీలోనూ అలాంటి ఒక తల్లిని సభ్యురాలిగా కూర్చోబెట్టడానికి పైసా ఖర్చు లేదు. సమావేశం ఆమె ఇంటికి దగ్గరగానో, పిల్లవాడిని వెంట తెచ్చుకునే చోటో పెడితే చాలు. ఆ సమావేశంలో ఏటా చదవాల్సిన లెక్క కూడా చిన్నదే. ఊళ్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ఎంతమంది, వారిలో బడికి వస్తున్నవారెందరు, ప్రత్యేక ఉపాధ్యాయుడు ఈ ఏడాది ఎన్ని రోజులు వచ్చాడు, ఐదు నుంచి ఆరుకు, ఏడు నుంచి ఎనిమిదికి దాటినవారెందరు, పదో తరగతి పరీక్షకు అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు కావాలని ఎందరి పేర్లు ముందుగా పంపారు. జూన్‌లో బడిబాట కోసం టీచర్లు ఎలాగూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఈ ఐదు అంకెలను ఆ రోజుల్లోనే రాసుకుని, బడి గోడ మీద మధ్యాహ్న భోజనం మెనూ పక్కన పెయింటుతో రాయించవచ్చు.